ప్రచార రూపంగా ఇంటర్నెట్

ప్రచారమంటే మన రచయితల్లో కొందరికి ఇప్పటికీ చిన్నచూపే. ఇంటర్నెట్ ప్రచారమంటే మరీను. అది డబ్బున్న పార్టీల యంత్రాంగమని తోసిపుచ్చుతున్నారు. డబ్బు మాట నిజమే. కాని గోడరాత, కరపత్రం, బుర్రకథ లాగే ఫోను తెర మీది నాలుగు వాక్యాలూ ఒక ప్రచార రూపం. ఏ రూపానికైనా బలం వస్తువు నుంచే వస్తుందని నేననుకుంటాను. ఇందుకు మా నిజామాబాదే సాక్ష్యం.

2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, పసుపు, ఎర్రజొన్నల మద్దతు ధర కోసం 170 మందికి పైగా రైతులు పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టవలసి వచ్చింది. ఈ సంగతి దేశమంతా తెలిసింది. గమనించవలసిందేమంటే, రైతులు ముందు ఊళ్లలో కూడబలుక్కున్నారు. ఆ తర్వాతే ఇంటర్నెట్ వార్తను మోసింది. ఈ క్రమాన్ని తలకిందులు చేస్తే ప్రచారం నిలవదు.

అదే ఎన్నికలో బి.జె.పి. అభ్యర్థి ధర్మపురి అర్వింద్, బోర్డు తెస్తాననీ, లేకుంటే రాజీనామా చేస్తాననీ బాండు పేపరు మీద రాసిచ్చారు, గెలిచారు. సంతకమున్న కాగితం కనుక నమ్మకం కలిగించింది. గడువు దాటాక అదే కాగితం ఆయనను నిలదీసింది. 2023 మార్చి ఆఖరున, ఎంపీగారు తెచ్చిన బోర్డు ఇదేనంటూ జిల్లాలో పసుపుపచ్చ బోర్డులు వెలిశాయి. ఒక్క మాటకున్న రెండర్థాల మీద నిలిచిన వ్యంగ్యమది. వ్యాఖ్యానం అక్కరలేదు, ఫొటో తీసి పంపితే చాలు. ఆ అక్టోబరు 1న మహబూబ్‌నగర్‌లో ప్రధాని బోర్డును ప్రకటించారు. 2025 జనవరి 14న అది ప్రారంభమైంది. నడుమ 2024లో అర్వింద్ మళ్లీ గెలిచారు. అంటే వ్యంగ్యం ఎన్నికను గెలిపించకపోవచ్చు; ఇచ్చిన మాటను మాత్రం మరవనివ్వదు.

2018లో పుకార్ల వల్ల మూకహత్యలు జరిగాక, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి చేసింది. కనుక ఎంతమందికి పంపామన్నదాని కన్నా ఎవరు పంపారన్నదే ముఖ్యం. ఊరివాడు, పేరు తెలిసినవాడు పంపితే చదువుతారు. చదువురాని వారికి మన యాసలో గొంతు రికార్డు చేసి పంపాలి. ఒక సందేశంలో ఒకే విషయం, దానికి తేదీ, ఊరు, బాధ్యుని పేరు ఉండాలి. ఇవి లేని రాత పుకారుతో సమానం.

బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. తెరిపిస్తామన్న మాట ఎన్నికల్లో వింటూనే ఉన్నాం. ఎవరు, ఎక్కడ, ఏనాడు అన్నారో కంఠేశ్వర్ నుంచి శక్కర్‌నగర్ దాకా ప్రతి ఫోనులోనూ భద్రంగా ఉండాలి. ఆ జ్ఞాపకాన్ని ప్రజల పక్షాన రాసిపెట్టడం రచయితల పని.