పౌరసత్వం నోచుకోని పరిశోధకుడు

ఫైలేరియా నివారణ కార్యక్రమం జరిగే రోజులలో రాయ్‌పూర్ వీధులలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, తమ ఎదుటనే మాత్రలు మింగిస్తారు. వాటిలో ఒకటి డైఇథైల్‌కార్బమజైన్. ఆ మందును 1947లో లోకానికి అందించిన అమెరికన్ పరిశోధక బృందానికి సారథి ఒక తెలుగువాడని మింగేవారిలో ఎందరికి తెలుసు? పాతికేళ్ళకు పైగా తన వద్ద శ్రమించిన ఆ మేధావిని పౌరునిగా స్వీకరించడానికి ఆ దేశపు చట్టమే చాలాకాలం అడ్డు నిలిచింది.

ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు, అంతకు దిగువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. 1922లో మామగారి సాయంతో హార్వర్డు చేరుకున్నారు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ మలమూత్ర పాత్రలు కడిగారు.

ఆనాటి అమెరికా ద్వారాలు ఆసియావాసులకు దాదాపు మూసుకునే ఉన్నాయి. 1917 నాటి చట్టం భారతీయుల వలసను నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండేది. 1923లో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యంలో, భారతీయులు శ్వేతజాతీయులు కారు గనుక పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సుబ్బారావు పని ఆగలేదు. 1925లో ఫిస్క్‌తో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది ఆయన బృందమే. అక్కడ రూపొందిన అమినాప్టెరిన్‌తో, రక్తక్యాన్సర్ సోకిన పసివారికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలుగుతుందని 1948లో సిడ్నీ ఫార్బర్ లోకానికి వెల్లడించారు. 1946లో కొత్త చట్టం భారతీయులకు పౌరసత్వ ద్వారం తెరిచి, ఏటా నూరుగురు వలస రావచ్చునన్నది. రెండేళ్ళకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశారు. అప్పటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

నేడు పరిస్థితి వేరు. 1990 చట్టం అసాధారణ ప్రతిభావంతులకు, విశిష్ట పరిశోధకులకు అగ్రస్థానమిచ్చింది. నోబెల్ వంటి మహాపురస్కారం లేనివారు, నిర్దేశించిన పది ప్రమాణాలలో కనీసం మూడింటిని నెరవేర్చాలి. ప్రచురించిన వ్యాసాలు, మౌలికమైన కృషి, తోటివారి రచనలను పరిశీలించిన అనుభవం ఇందులో సాక్ష్యాలు. అయితే ఉద్యోగ ప్రాతిపదికన ఏటా ఇచ్చే సుమారు 1,40,000 శాశ్వత నివాస వీసాలలో ఏ ఒక్క దేశంలో జన్మించినవారికైనా సాధారణంగా 7 శాతానికి మించి దక్కవు. అందుచేత భారతీయుల నిరీక్షణ ఏళ్ళ తరబడి సాగుతోంది. జాతి అడిగిన చోట ఇప్పుడు జన్మభూమిని అడుగుతున్నారు.

ఇంకొక సంగతి ఆలోచించదగినది. 1922 నాటి సుబ్బారావు ఈ పది ప్రమాణాలలో మూడింటినైనా చూపగలిగేవారా? చూపలేరు. ఆయన చేతిలో ఉన్నది చిన్న పట్టా, మనసులో ఉన్నది పెద్ద పట్టుదల. చట్టం పండిన పంటను కొలవగలదు, విత్తనాన్ని గుర్తించలేదు. ఆయనను సుబ్బారావుగా తీర్చిదిద్దింది ఒక ప్రయోగశాలలో దొరికిన చోటు.

ఆ చోటు అమెరికాలోనే దొరకాలన్న నియమం లేదు. రాయ్‌పూర్‌లో నేడు ఎయిమ్స్ ఉన్నది, వైద్య కళాశాల ఉన్నది. దిగువ పట్టాతో తలుపు తట్టే కుర్రవాడికి అక్కడ చోటు దొరుకుతుందా? మాత్ర మింగేటప్పుడు ఆ ప్రశ్న మనం వేసుకోవడం మంచిది.