వెడల్పాటి పాదాలకు బిరుసు బూట్లు: కొలత తప్పితే వేళ్లకే ముప్పు

భువనగిరి: కోటగుట్ట ఏకశిలపై శిలారోహణ నేర్చి హిమాలయాలకు బయలుదేరే యువత తాళ్ల గురించి, మంచుగొడ్డలి గురించి అడిగినన్ని ప్రశ్నలు బూట్ల గురించి అడగరు. కాలికి పట్టే నంబరు చెబితే సరిపోతుందన్నది చాలామంది భావన. గుట్టపై వాడే రాక్ షూలు మెత్తనివి. పాదాన్ని అంటిపెట్టుకొని దానితోపాటే వంగుతాయి. మంచుకొండపై తొడిగే బూటు స్వభావం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది వంగదు, సాగదు. పాదమే దానికి లొంగాలి. పాదం ముందుభాగం వెడల్పుగా ఉన్నవారికి అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, నాటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరాన్ని చేరిన సంగతి విదితమే. గురుకుల విద్యార్థులైన ఆ ఇద్దరూ తొలిపాఠాలు నేర్చింది ఈ గుట్టపైనే. ఆ తరువాత మన పల్లెల నుంచి, తండాల నుంచి పర్వతారోహణకు వెళ్లేవారికి కొత్త ఉత్సాహం వచ్చింది. వీరిలో బాల్యమంతా చెప్పులు లేకుండానో, వేళ్లు విచ్చుకునే హవాయి చెప్పులతోనో గడిపినవారు తక్కువేమీ కాదు. అటువంటి పాదం ముందుభాగం విసనకర్రలా విచ్చుకొని ఉంటుంది.

ఇది లోపం కాదు. భారతదేశంలో చెప్పులు లేకుండా నడిచేవారి పాదాలను, చెప్పులు తొడిగే భారతీయుల పాదాలను, బెల్జియం వాసుల పాదాలను పోలుస్తూ 2009లో ఒక అధ్యయనం వెలువడింది. వట్టికాళ్లతో నడిచేవారి పాదం ముందుభాగం వెడల్పుగానూ, పాశ్చాత్యుల పాదం సన్నగానూ ఉన్నట్లు అందులో తేలింది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 ప్రాంతాల్లో లక్షమందికి పైగా ప్రజల పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిచారు. భారతీయుల పాదాలు సాధారణంగా ఐరోపా, అమెరికా వాసుల పాదాలకంటే వెడల్పైనవని ఆ సర్వే కూడా చెప్పింది. ‘భ’ అనే పేరుతో భారతీయ పాదరక్షల కొలతల విధానాన్ని రూపొందించాలన్న ప్రతిపాదనకు ఆధారం ఇదే.

అయితే పర్వతారోహణ బూట్లలో పేరున్నవి అధికభాగం ఇటలీ, జర్మనీ వంటి ఐరోపా దేశాల సంస్థలవి. బూటును ‘లాస్ట్’ అనే పాదాకారపు అచ్చు మీద కుడతారు. అచ్చు సన్నదైతే బూటూ సన్నదే. అక్కడి పాదం కోసం చేసిన అచ్చులో ఇక్కడి పాదం ఇమడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఎందుకంత బిరుసు?

గడ్డకట్టిన వాలుపై నడవాలంటే బూటు అడుగున క్రాంపాన్లు అనే ఉక్కు కోరల చట్రాన్ని బిగించాలి. బూటు వంగితే చట్రం సడలుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. నిట్టనిలువు మంచుపై ముందుకోరలు గుచ్చి నిలబడినప్పుడు ఒంటి బరువంతా బూటు మొనమీదే పడుతుంది. అడుగు బిరుసుగా లేకుంటే పిక్కలు నిమిషాల్లో అలసిపోతాయి. అందుకే అడుగుభాగంలో ఉక్కు, గట్టి నైలాన్ లేదా కార్బన్ పలకను అమర్చుతారు.

బిరుసుదనాన్ని బట్టి బూట్లను బీ1, బీ2, బీ3 అని, క్రాంపాన్లను సీ1, సీ2, సీ3 అని వర్గీకరించే పద్ధతి బ్రిటన్‌లో వాడుకలో ఉంది. బీ1 కొంత వంగుతుంది. పట్టీలతో కట్టే సీ1 దానికి చాలు. బీ2 మడమ వద్ద గాడి ఉంటుంది. బీ3 ఏమాత్రం వంగదు. ముందు, వెనుక రెండు గాళ్లుంటాయి. సీ3 క్రాంపాన్ల ముందు కమ్మీ ఆ ముందు గాడిలోనే కూర్చుంటుంది. వెళ్లే కొండను బట్టి బూటును ఎంచుకోవాలి. 5,895 మీటర్ల కిలిమంజారోకు సాధారణ మార్గాల్లో క్రాంపాన్ల అవసరం రాదు. అక్కడికి నడక బూట్లు చాలు. అంతకంటే తక్కువ ఎత్తున్న ఎల్‌బ్రస్ (5,642 మీటర్లు) హిమంతో కప్పబడి ఉంటుంది కనుక అక్కడ బిరుసు బూటు తప్పదు.

నంబరు పెంచితే సరిపోతుందా?

వెడల్పాటి పాదం ఉన్నవారికి దుకాణదారులు సాధారణంగా ఇచ్చే సలహా ఒక్కటే. ఒకటి రెండు నంబర్లు పెద్దది తీసుకోండి అంటారు. వినడానికి సబబుగా ఉన్నా, లెక్కవేస్తే ఇందులోని లోపం తెలుస్తుంది. మన దుకాణాల్లో వాడే బ్రిటిష్ కొలతలో ఒక నంబరు పెరిగితే పొడవు అంగుళంలో మూడోవంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బూటు అడుగు వెడల్పు పెరిగేది మాత్రం ఇంచుమించు 2 మిల్లీమీటర్లే. 6 మిల్లీమీటర్ల వెడల్పు కావలసినవారు మూడు నంబర్లు పెంచితే, వేళ్లముందు రెండున్నర సెంటీమీటర్ల ఖాళీని మోసుకుంటూ కొండెక్కాలి.

మామూలు బూటులో ఈ ఖాళీ చికాకు మాత్రమే. బిరుసు బూటులో ప్రమాదకరం. ఎక్కేటప్పుడు మడమ పైకి లేచి ఒరుసుకొని బొబ్బలెక్కుతుంది. దిగేటప్పుడు పాదం ముందుకు జారి వేళ్లు బూటుగోడకు కొట్టుకుంటాయి. శిఖరం దిగివచ్చినవారి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. క్రాంపాన్ మొన పాదానికి దూరమవుతుంది కనుక ఎక్కడ గుచ్చుతున్నామో అంచనా తప్పుతుంది.

ఇరుకైన బూటుతోనే సర్దుకుపోతే అంతకంటే ఘోరం. చలిలో శరీరం ప్రాణాధారమైన అవయవాలను కాపాడుకోవడానికి కాలివేళ్లకు వెళ్లే రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. దానికి బూటు ఒత్తిడి తోడైతే రక్తప్రసారం మరింత మందగించి ఫ్రాస్ట్‌బైట్ అనే మంచుకాటుకు దారితీస్తుంది. చలి వేస్తోందని ఇరుకు బూటులో రెండోజత మేజోళ్లు తొడగడం చాలామంది చేసే పొరపాటు. వేళ్లచుట్టూ నిలిచే గాలిపొరే వెచ్చదనాన్నిస్తుంది. మేజోళ్లు కూరి ఆ ఖాళీని పూడిస్తే వేళ్లు త్వరగా మొద్దుబారతాయి. 1950 జూన్ 3న అన్నపూర్ణ శిఖరాన్ని చేరిన ఫ్రెంచివారు మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ ఇద్దరూ మంచుకాటుకు కాలివేళ్లన్నీ కోల్పోయారు. నాటి తోలుబూట్లు వారిని ఆ చలి నుంచి కాపాడలేకపోయాయి. నేటి బూట్లు ఎంతో మెరుగైనవే కానీ, బిగుతుగా ఉంటే ఎంత ఖరీదైన బూటైనా అక్కరకు రాదు.

కొలత ఇంట్లోనే

పాదం ఉదయంకంటే సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది. ఎత్తైన ప్రదేశాల్లోనూ ఉబ్బడం మామూలే. కావున సాయంత్రం వేళ, కొండపై తొడిగే మందపు మేజోడుతోనే కొలవాలి. తెల్లకాగితంపై రెండు పాదాలూ మోపి, బరువంతా వేసి నిలబడి, పెన్సిలును నిటారుగా పట్టి మరొకరిచేత గీత గీయించుకోవాలి. మడమ నుంచి పొడవైన వేలి కొన వరకు పొడవు. బొటనవేలి మొదట ఉండే కణుపు నుంచి చిటికెనవేలి మొదట ఉండే కణుపు వరకు వెడల్పు. అదే చోట దర్జీ టేపుతో చుట్టుకొలత తీసుకోవాలి. రెండు పాదాలూ సమానంగా ఉండటం అరుదు. పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

కూర్చొని మరోసారి కొలిస్తే ఇంకొక సంగతి తెలుస్తుంది. కొందరి పాదం సహజంగా వెడల్పైనది కాదు. బరువు పడినప్పుడు అడుగువంపు కుంగి పరుచుకుంటుంది. కూర్చున్నప్పటికీ నిలబడినప్పటికీ తేడా ఎక్కువగా ఉన్నవారికి, వంపును నిలబెట్టే గట్టి ఇన్‌సోల్ వేస్తేనే సమస్య సగం తీరవచ్చు. బొటనవేలి పక్కన ఎముక ఉబ్బి ఉన్నవారి సంగతి వేరు. వారికి ఆ ఒక్కచోటే స్థలం కావాలి.

బూటు తొడగకముందే చేయదగిన పరీక్ష ఒకటుంది. లోపలి ఇన్‌సోల్‌ను బయటకు తీసి నేలపై పెట్టి దానిపై నిలబడాలి. పాదం ఇరువైపులా అంచుదాటి పొర్లుతుంటే ఆ బూటు ఎంత నచ్చినా పక్కన పెట్టడమే మేలు. రెండు పొరల బూటైతే లోపలి మెత్తటి బూటును తీసి, పైచిప్పలో మాత్రమే పాదం పెట్టి వేళ్లను ముందుకు ఆనించాలి. మడమ వెనుక ఒకటి, ఒకటిన్నర వేలు పట్టే ఖాళీ ఉండాలి. పక్కలు నొక్కుకోరాదు. ఇక లేసులు బిగించి మెట్లు ఎక్కి దిగాలి. ఏటవాలు పలకపై కిందికి ముఖం పెట్టి నిలబడినప్పుడు వేళ్లు ముందుగోడకు తగలకూడదు. లోపల వేళ్లు ధారాళంగా కదలాలి. మడమ మాత్రం లేవకూడదు. కనీసం అరగంట తొడుక్కొని ఉండనిదే ఒరిపిడి ఎక్కడో తెలియదు. దుకాణదారు విసుక్కున్నా మొహమాటపడనవసరం లేదు. ఈ బూట్ల ధర సాధారణంగా పాతికవేలకు పైమాటే.

ఏ సంస్థ బూటు వెడల్పన్నదానికి ఒకే జవాబు లేదు. ఇటలీ బూట్లలో లా స్పోర్టివా సన్నగానూ, స్కార్పా కొంత విశాలంగానూ ఉంటాయన్న అభిప్రాయం ఆరోహకుల్లో ఉన్నప్పటికీ, ఒకే సంస్థలోనూ అచ్చులు మారుతుంటాయి. హాన్‌వాగ్, లోవా వంటి జర్మనీ సంస్థలు వెడల్పు రకాలను చేస్తున్నా అవి ఎక్కువగా నడక బూట్లే. జపాన్ కొలతల్లో ఈ, ఈఈ, ఈఈఈ అని వెడల్పును వేరుగా సూచిస్తారు. ఈల సంఖ్య పెరిగేకొద్దీ వెడల్పూ పెరుగుతుంది. మహిళల బూట్లను సన్నటి అచ్చుపై చేస్తారు కనుక, వెడల్పాటి పాదమున్న యువతులు పురుషుల రకాన్ని కూడా తొడిగి చూడటం మంచిది.

కొన్నాక సరిచేయగలిగేది కొంతే. మందపు తోలుబూటును చెక్క అచ్చుతో ఒకచోట కొద్దిగా సాగదీయవచ్చు. చుట్టూ రబ్బరు పట్టీ ఉన్నచోట అది కష్టసాధ్యం. సింథటిక్ బూటు అసలు సాగదు. కొన్ని రకాల్లో లోపలి బూటును వేడిచేసి పాదానికి తగ్గట్టు మలుస్తారు. ఖర్చులేని ఉపాయం లేసులోనే ఉంది. వెడల్పైన చోట ఒకటి రెండు కన్నాలను వదిలేసి, చీలమండ వద్ద లేసును రెండుసార్లు మెలిపెట్టి ముడివేస్తే ముందుభాగం వదులుగా, మడమ బిగువుగా ఉంటుంది.

డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇనిస్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇనిస్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ వంటి సంస్థల్లో శిక్షణార్థులకు బూట్లు అక్కడే ఇస్తారు. కొత్తచోట, తెలియని భాషలో అడగడానికి జంకి ఇచ్చినవే తొడుక్కునే పిల్లలున్నారు. పాదం కొలత, వెడల్పు చీటీపై రాసుకొని వెళ్లి, సామగ్రి ఇచ్చిన రోజే తొడిగి చూసి, పట్టకపోతే వెంటనే మార్చమని అడగాలి. హిమానీనదం చేరాక మార్చేందుకు మరో జత ఉండదు.

మనాలీలోనో, కాఠ్మాండూలోనో అద్దెకు తీసుకునేవారు మరొకటి గమనించాలి. ఏళ్లతరబడి నిల్వ ఉన్న బూట్లలో అడుగునుండే పాలీయురేథేన్ పొర తేమకు కుళ్లి పొడిపొడిగా రాలుతుంది. పాత ప్లాస్టిక్ చిప్పలు చలిలో పగులుతాయి. అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి, అంచులు చీలాయేమో చూడాలి. తాము వాడబోయే క్రాంపాన్లను అక్కడే ఆ బూటుకు తగిలించి చూసుకోవాలి. విశాలమైన బూటుకు ముందు కమ్మీ ఇరుకైతే అది గాడిలో సరిగా కూర్చోదు. అప్పుడు వెడల్పు కమ్మీ ఉన్న జతను అడిగి తీసుకోవాలి.