మెడ పట్టేసిందని మెలి తిప్పించుకుంటున్నారా?

"రాత్రి తలగడ సరిగ్గా లేదేమో, మెడ పట్టేసింది!" ఈ మాట వినపడని ఇల్లుంటుందా? అత్తగారు వెంటనే ఉప్పు మూట వేడిచేసి కాపడం పెడతారు. మావారైతే సెలూన్‌కి వెళ్ళి, "ఒక్కసారి మెడ విరిచెయ్యవోయ్" అని, టక్కుమని చప్పుడు వినిపించుకుని హాయిగా వచ్చేస్తారు. చాలాసార్లు అది కండరాల పట్టే. రెండు మూడు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది.

కాని ఎప్పుడో ఒకప్పుడు ఆ నొప్పి కండరానిది కాక, మెడలోని రక్తనాళానిది అయితే? అప్పుడు కాపడం పనికిరాదు, మెడ విరుపు మరీ ప్రమాదం. ఇది అరుదైన జబ్బే. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఏడాదికి లక్షమందిలో ఇద్దరు ముగ్గురికి బయటపడుతుంది. అయినా 50 ఏళ్ళ లోపువారికి పక్షవాతం రావడానికి ముఖ్యకారణాలలో ఇదొకటి. అందుకే ప్రతి ఇల్లాలూ తెలుసుకోవాలి.

లైనింగ్ ఊడిన జాకెట్టులా...

మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమనులు మెడలో నాలుగున్నాయి. ముందువైపు రెండు కరోటిడ్‌లు, వెనక వెన్నుపూసల్లోంచి వెళ్ళే వర్టిబ్రల్‌లు రెండు. ఒక్కొక్కదాని గోడలో మూడు పొరలుంటాయి. లైనింగ్ వేసి కుట్టిన జాకెట్టుని తలచుకోండి. లోపలి లైనింగ్ ఒకచోట చిరిగితే చెయ్యి రెండు గుడ్డల మధ్యకి దూరిపోతుంది కదా! ధమని లోపొర చిరిగినా అంతే, రక్తం పొరల మధ్యకి దూరుతుంది. దీన్నే 'డిసెక్షన్' అంటారు.

అలా దూరిన రక్తం లోపలికి నెడితే దారి ఇరుకవుతుంది. బయటికి నెడితే గోడ పుల్కా పొంగినట్టు ఉబ్బుతుంది. ఆ ఉబ్బే 'ఎన్యూరిజం'. చిరుగు దగ్గర గడ్డకట్టిన రక్తం ముక్కగా ఊడి మెదడుకి చేరితే పక్షవాతం వస్తుంది. చిరిగిన రోజే రావాలని లేదు. కొన్ని రోజుల తర్వాతైనా రావచ్చు.

బ్యూటీపార్లర్ పాఠం

1993లో మైకేల్ వైన్‌ట్రాబ్ అనే అమెరికన్ డాక్టరు, పార్లర్లో తల వెనక్కి వాల్చి షాంపూ చేయించుకున్నాక మెదడు దెబ్బతిన్న ఐదుగురు స్త్రీల గురించి వైద్యపత్రికలో రాశారు. 'బ్యూటీపార్లర్ స్ట్రోక్' అన్న పేరు అలా వచ్చింది.

2022లో హైదరాబాద్‌లోనే ఇలాంటిది జరిగింది. యాభయ్యేళ్ళ ఒకావిడకి పార్లర్లో తల కడుగుతుండగానే కళ్ళు తిరిగి వాంతులయ్యాయి. కడుపులో తేడా అనుకుని ముందు దానికే మందులిచ్చారు. మర్నాటికి నడకలో తూలు వచ్చింది. స్కాన్ తీస్తే చిన్నమెదడులో దెబ్బ! ఈ సంగతి బయటపెట్టింది అపోలో ఆస్పత్రి న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్. బేసిన్ మీద మెడ వెనక్కి వాలి తిరిగినప్పుడు ధమని మడతపడటం వల్ల ఇలా అయిందని ఆయన వివరించారు. ఆవిడకి ధమని చిరగలేదు. కాని మెడ అతిగా వాలినా, మెలితిరిగినా కొందరిలో లోపొర చిరిగే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు బందరులో, గుడివాడలో పార్లర్లకి కొదవ లేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆడపిల్లలు గంటల తరబడి కూర్చుంటారు. వెళ్ళొద్దనడం లేదు. మెడ కింద మెత్తటి తువ్వాలు మడత పెట్టించుకోండి. నొప్పిగా ఉంటే మొహమాటపడకుండా లేచి కూర్చోండి.

చున్నీ, పైట జాగ్రత్త!

1927లో ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని పొడుగాటి స్కార్ఫు కారు చక్రానికి చుట్టుకుని ఫ్రాన్సులోని నీస్‌లో చనిపోయింది. మన ఊళ్ళల్లో బండి వెనక సీటు మీద చున్నీలు, పైటలు గాలికి ఎగరడం రోజూ చూస్తున్నదే. చక్రంలో చిక్కుకున్న చున్నీ మెడకి బిగిస్తే పైకి గీత ఒక్కటే కనబడవచ్చు, లోపల ధమని చిరిగి ఉండవచ్చు. బండి ఎక్కగానే చున్నీ ముందుకి తీసి ముడివేసుకోండి. పైట నడుముకి దోపుకోండి. నూర్పిడి మిషను దగ్గరా అదే జాగ్రత్త.

ఏ నొప్పి మామూలుది కాదు?

ఎప్పుడూ లేనట్టుగా మెడకో తలకో ఒకపక్కనే వచ్చి వదలని నొప్పి. ఒక కనురెప్ప వాలి, ఆ కంటిపాప చిన్నదవడం. చెవిలో గుండె కొట్టుకున్నట్టు చప్పుడు. నొప్పితోపాటు తూలు, వాంతులు, వస్తువులు రెండుగా కనపడటం, మింగుడు పడకపోవడం. వీటిలో ఏది ఉన్నా 'గ్యాసు' అనుకోకండి.

బాలింతల విషయంలో మరింత జాగ్రత్త. పురుడైన మొదటి వారాల్లో తలనొప్పి వస్తే "చెవుల్లోకి గాలి పోయింది, గుడ్డ కట్టుకో" అంటాం. గుడ్డ కట్టండి, తప్పులేదు. కాని నొప్పి తగ్గకపోతే అదే రోజు డాక్టరుకి చూపించండి.

ఉబ్బు ఉందంటే బెంగపడాలా?

రిపోర్టులో 'ఎన్యూరిజం' అన్న మాట చూడగానే అది పగిలిపోతుందేమోనని ఇల్లంతా కంగారుపడుతుంది. మెడ భాగంలో, చిరుగు వల్ల వచ్చిన ఉబ్బు పగలడం చాలా అరుదు. చాలావరకు అలాగే ఉండిపోతుంది, కొన్ని తగ్గుతాయి కూడా. పుర్రె లోపలి ధమని సంగతి వేరు, అక్కడ రక్తస్రావం భయం ఉంటుంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 250 మందితో చేసి 2015లో ప్రకటించిన పరిశోధనలో ఆస్పిరిన్ వంటి మాత్రలకీ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇతర మందులకీ ఫలితంలో పెద్ద తేడా కనపడలేదు. మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు మందులిచ్చి మళ్ళీ స్కాన్ చేస్తారు. ఉబ్బు పెరుగుతున్నా, మందులు వాడుతున్నా మళ్ళీ పక్షవాతం లక్షణాలు వచ్చినా స్టెంటు గురించి ఆలోచిస్తారు. నొప్పి తగ్గింది కదా అని మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

దూరం లెక్క వేసుకోండి

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి 4.5 గంటలే గడువు. స్కాన్ కూడా ఆలోపే అవ్వాలి. గుడివాడ నుంచి విజయవాడ సుమారు 45 కిలోమీటర్లు, బందరు నుంచి సుమారు 70. నాగాయలంక, కోడూరు వైపు వాళ్ళకి ముందు అవనిగడ్డ చేరడమే ఒక ప్రయాణం. అందుకే పక్కింటివారి సలహాలతో పొద్దు పుచ్చకుండా 108కి ఫోన్ చేయండి. రాత్రిపూట కూడా సి.టి. స్కాన్ తీసే ఆస్పత్రి మీకు దగ్గరలో ఏదో ఇవాళే కనుక్కుని, ఆ నంబరు వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

మరిచిపోకండి

* మెడ విరిపించుకోవద్దు, మీవారినీ విరిపించుకోనివ్వద్దు.
* దెబ్బ తగిలాకో, మెడ మెలిపడ్డాకో ఒకపక్క నొప్పి వదలకపోతే ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి. ఆయన సరైన స్కాన్ రాయడానికి అదే ఆధారం.
* లక్షణాలు ఏ టైముకి మొదలయ్యాయో గుర్తు పెట్టుకోండి. ఆస్పత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే!