పాత కాగితములలో పారసీక మాసములు



నల్లగొండ, పాలమూరు సీమలలో పాత యిండ్ల సందుగములు తెరచినచో శిస్తు రశీదులును, పంపకపు కాగితములును నేటికిని కానవచ్చును. వాని తలపై ఫసలీ సంవత్సరమును, దై, మెహర్, ఆబాన్ వంటి నెల పేరును ఉండును. ఇవి హిజ్రీ నెలలని మనలో పలువురి తలంపు. అది సరికాదు. ఇస్లాము పుట్టుటకు ఎంతయో పూర్వమే పారసీక దేశమున, అనగా నేటి ఇరానున, జరతుష్ట్ర మతస్థులు తమ దేవతల పేర నెలలకు పెట్టుకొన్న నామములివి.

ఈ సంగతిని నేను పుస్తకములలో చదివితిని. కాని దాని విలువ నా పొరపాటు వలననే నాకు తెలిసినది. నేను బడి పని చాలించిన పిమ్మట మా యూరి దాయాదులిద్దరు రెండు కాగితములు తెచ్చి నా ముందుంచిరి. రెండును 1349 ఫసలీవే. దై మాసపు కాగితములో ఒక చెలక పెద్దతాతకు వచ్చినట్లును, మెహర్ మాసపు దానిలో ఆ చెలకనే మార్చి చిన్నతాతకు ఇచ్చినట్లును వ్రాసియున్నది. వెనుకటి కాగితమే చెల్లునని ఇరువురును ఒప్పుకొనిరి. ఏది వెనుకటిది?

నేను పుస్తకము చూచితిని. ఇరానులో సంవత్సరము ఫర్వర్దీన్‌తో మొదలగును. మెహర్ ఏడవది, దై పదవది. కావున దై మాసపు కాగితమే వెనుకటిదని తీర్పు చెప్పితిని. చిన్నతాత మనుమడు మాటాడక లేచిపోయెను. ఆ సాయంకాలము, ఒకప్పుడు పట్వారీ కడ లెక్కలు వ్రాసిన వృద్ధుడొకడు విని నవ్వి, “పంతులుగారూ, మన ఫసలీకి ఆజరు మొదటి నెల గద! దై రెండోది, మెహరు పదకొండోది” అనెను. నా తల వంగిపోయినది. ఆ రాత్రియే ఇరువురి యిండ్లకును పోయి నా తప్పు ఒప్పుకొంటిని.

కావున లెక్క వినుడు. హైదరాబాదు రాజ్యపు ఫసలీ అక్టోబరు మొదటి వారమున ఆజరుతో ఆరంభమయ్యెడిది. పిమ్మట దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఫసలీ అంకెకు 590 కలిపినచో ఆజరు నాటి ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. జనవరి మొదలుకొని 591 కలుపవలెను. 1349 దై అనగా 1939 నవంబరు, డిసెంబరు. మెహర్ అనగా 1940 ఆగస్టు, సెప్టెంబరు.

ఇక ఈ నామముల అర్థము చూడుడు. మెహర్ అనగా మిత్రుడు, మన వేదములోని మిత్రునికి తోడబుట్టినవాడు. ఆబాన్ అనగా ఆపః, జలములు. అమర్దాద్ పూర్వరూపము అమెరెతాత్, అనగా అమృతత్వము. బహమన్ అనగా మంచి మనస్సు. షహ్రేవర్‌లో మొదటి భాగము మన క్షత్ర శబ్దమే. మన సకారము వారి నోట హకారమగును: సప్త హప్త యైనది, సింధు హిందు వైనది. ఊరివారు ఖుష్కి యను మెట్టభూమి పేరును మన శుష్క శబ్దమునకు చుట్టమే. దస్తావేజులోని దస్త్ మన హస్తము.

ఈ మాటలు మన గడపకు ఎట్లు వచ్చినవి? గోలకొండ రాజ్యము నెలకొల్పిన సుల్తాన్ కులీ ఇరానులోని హమదాన్ వాడు. అదియే ప్రాచీన కాలమున ఎక్బతానా యను రాజధాని. ఆ వంశపు ఇబ్రహీము కుతుబ్ షా 1550లో రాజగునప్పుడు మన కోయిలకొండ దుర్గము ఆయనకు అండయైనది. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను. గోలకొండ ఫర్మానులు కొన్ని పారసీలోను తెలుగులోను వెలువడినవి. నిజాముల కాలమున 1884 వరకును కచేరీ భాష పారసీయే. పిదప ఉర్దూ వచ్చినను ఈ పలుకులు నిలిచినవి.

లెక్క వ్రాసి యుంచుట పారసీకులకు పాత అలవాటు. దారయ చక్రవర్తి కాలమున, నేటికి రమారమి 2,500 సంవత్సరముల క్రిందట, పర్సెపోలిస్ నగరమున కూలీలకు ఇచ్చిన ధాన్యమును మట్టి పలకలపై ఏలామీ భాషలో వ్రాసియుంచిరి. అట్టి పలకలు వేలకొలది 1933లో త్రవ్వకములయందు బయల్పడినవి. ఆ రాజుల మేడలు కాలిపోయినవి. కూలివాని గింజల లెక్క నిలిచినది.

నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున పట్వారీల ఉద్యోగములు 1984లో రద్దయినవి. ఆ నెలల వరుస నోటికి వచ్చినవారు ఊరికొకరిద్దరైనను మిగిలిరో లేదో! నేను పుస్తకము నమ్మి ఒక యింటికి అన్యాయము చేయబోయితిని. ఒక వృద్ధుని జ్ఞాపకము దానిని కాపాడినది. కనుక నా మనవి ఒక్కటే. పాత కాగితములను చెదలకు విడువకుడు, పొయ్యిలో వేయకుడు. తెలిసిన పెద్దలుండగనే మనుమలను కూర్చుండబెట్టి, ప్రతి కాగితమునకును ఒక చీటీ కుట్టించి, దానిపై ఇంగ్లీషు నెల, సంవత్సరము వ్రాయించుడు. కాగితముపై మాత్రము కలము పెట్టనీయకుడు.

సెలవు.