కండరాల పట్టూ విడుపూ

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ వేదిక మీద శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమె. బరువులెత్తే పోటీల్లో ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. బార్ నేల విడిచిన క్షణం నుంచి తల మీద నిలిచేదాకా పట్టేది కొద్ది సెకన్లే. ఊపిరితిత్తులు పీల్చిన ఆక్సిజన్ తొడల దాకా వెళ్లి, అక్కడి చక్కెరను మండించి, చాలినంత శక్తిని అందించడానికి ఆ వ్యవధి సరిపోదు. మరి 130 కిలోలను లేపిన శక్తి ఎక్కడిది?

ఈ ప్రశ్నకు జవాబు తేల్చినవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆయన పేరు చెప్పగానే మందులు గుర్తొస్తాయి. కండరాలు గుర్తొచ్చేది తక్కువమందికే. గుర్తు రావలసిన కథ అది. అయితే దానికి ముందు కండ లోపల ఏముందో చూడాలి.

ఎముకల్ని కదిపే కండరాలు మన ఒంట్లో ఆరు వందలకు పైనే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి బరువులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా వీటిదే. అన్నిటికన్నా పెద్దది పిరుదుల్లో ఉంటుంది. కూర్చున్న మనిషిని లేపి నిలబెట్టేదీ, మెట్లెక్కించేదీ ప్రధానంగా అదే. అన్నిటికన్నా చిన్నది చెవి లోపల దాక్కుంది. పొడవు ఆరు మిల్లీమీటర్లు. పెద్ద చప్పుడు వినపడగానే లోపలి బుల్లి ఎముక అతిగా అదరకుండా పట్టి ఉంచుతుంది. పెద్దదైనా చిన్నదైనా అల్లిక ఒకటే. కండను పొడవునా చీల్చుకుంటూ పోతే కట్టలు, కట్టల్లో పోగులు కనిపిస్తాయి. ఒక్కో పోగూ ఒక్కో కణం. మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, పొడవు మాత్రం సెంటీమీటర్ల కొద్దీ సాగుతుంది. అంత పొడుగు కణాన్ని నడపడానికి ఒక్క కేంద్రకం చాలదు కాబట్టి వందల కేంద్రకాలు అంచు వెంబడి బారు తీరి ఉంటాయి.

ఆ పోగు లోపల ఇంకా సన్నటి తంతువులు. వాటి మీద నలుపూ తెలుపూ చారలు. చారల కండరమని పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇందుకే. ఒక చారల జత నిడివి మిల్లీమీటరును అయిదు వందల భాగాలు చేస్తే ఒక భాగం. దాన్ని సార్కోమియర్ అంటారు. మనిషి చేసే ప్రతి కదలికకూ మొదలు ఆ చిన్న గదిలోనే ఉంది. అందులో లావుపాటి మయోసిన్ పోగులూ, సన్నని ఆక్టిన్ పోగులూ ఒకదాని సందులో ఒకటి అమరి ఉంటాయి.

కండ ముడుచుకున్నప్పుడు ఈ పోగులే కుదించుకుపోతాయని చాలాకాలం అనుకున్నారు. 1954 మే నెలలో ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో పక్కపక్కనే రెండు వ్యాసాలు వేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గర్క్‌లది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు, కలిసి పనిచేసిందీ లేదు. వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరారు. పోగుల పొడవు మారదు, ఒకదాని మీదుగా ఒకటి జారుతుంది, అంతే.

జరిగేది బావిలోంచి చేదను లాగడం లాంటిదే. మయోసిన్ పోగుకు వరసగా చేతుల్లాంటి తలలుంటాయి. అవి ఆక్టిన్‌ను పట్టుకుని, లాగి, వదిలి, కాస్త ముందుకు జరిగి మళ్లీ పట్టుకుంటాయి. మెదడు నుంచి నరం వెంట ఆజ్ఞ రాగానే పోగులో దాచి ఉంచిన కాల్షియం బయటికి వస్తుంది. పట్టుకోవలసిన చోట్లను కప్పి ఉంచిన ప్రొటీన్లను అది పక్కకు తప్పిస్తుంది. ఆజ్ఞ ఆగిపోగానే కాల్షియం తిరిగి తన అరల్లోకి వెళ్లిపోతుంది, కండ సడలుతుంది. కండ లాగగలదే గానీ నెట్టలేదు. కాబట్టి మోచెయ్యి మడవడానికి ముందువైపు ఒక కండ, చాపడానికి వెనకవైపు ఇంకో కండ కావాలి. తలుపును తోసేటప్పుడు కూడా లోపల ఏదో ఒక కండ లాగుతూనే ఉంటుంది.

ఇక్కడే అసలు విశేషం. బలమంతా లాగడానికే ఖర్చవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఏటీపీ అనే శక్తి అణువు వచ్చి కూర్చుంటేనే మయోసిన్ తల తన పట్టు వదులుతుంది. వదలకపోతే మళ్లీ పట్టుకోవడం లేదు, లాగడం లేదు. కాల్షియాన్ని వెనక్కి తోడడానికీ ఏటీపీయే కావాలి. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారిపోవడానికి కారణం ఇదే. ఏటీపీ తయారీ ఆగిపోయింది, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. ఒకటి రెండు రోజుల్లో ప్రొటీన్లే చివికిపోయాక గానీ ఆ బిగువు పోదు.

ఈ శక్తి ఎక్కడిదన్న చోటే సుబ్బారావు కథ మొదలవుతుంది. 1920ల్లో శాస్త్రలోకం నమ్మకం వేరు. కండలో నిల్వ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండను ముడిచే అసలు క్రియ అనుకునేవారు. కండరాల మీద పరిశోధనకు ఏ.వి. హిల్, ఒట్టో మయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి వచ్చింది కూడా. బోస్టన్ చేరిన సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, రక్తంలో భాస్వరాన్ని రంగు చూసి కొలిచే పద్ధతిని తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పేరుతో తరాల విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చుకున్నది. దాన్ని కండ మీద ప్రయోగిస్తే రంగు వెంటనే రాలేదు. మెల్లమెల్లగా ముదిరింది. మరొకరైతే ప్రయోగం చెడిందనుకుని ఆ ద్రావణం పారబోసేవారేమో. వాళ్లిద్దరూ ఆ జాప్యాన్నే పట్టుకున్నారు. పరీక్షలో వాడే ఆమ్లంలో మెల్లగా విడిపోతూ భాస్వరాన్ని వదులుతున్న పదార్థమేదో అక్కడ ఉందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. 1929లో ఏటీపీని కూడా గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా దాన్నే కనుగొన్నాడు. తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసిన కండ కూడా ముడుచుకుంటుందని చూపించాడు. పాత సిద్ధాంతం కూలింది. 1932లో ‘కండర శాస్త్రంలో విప్లవం’ అని వ్యాసం రాసింది స్వయంగా హిల్. తన సిద్ధాంతం ఓడిపోయిందని అంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్లు శాస్త్రంలోనూ అరుదే.

ఇప్పుడు మల్లీశ్వరి దగ్గరికి రావచ్చు. కండలో సిద్ధంగా ఉన్న ఏటీపీ బలమంతా పెట్టి చేసే పనికి రెండు మూడు సెకన్లకు మించి రాదు. అది ఖర్చవుతున్న కొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని ఇచ్చేసి కొత్త ఏటీపీని తయారుచేస్తుంది. ఆక్సిజన్ కోసం ఎదురుచూడదు. ఆ నిల్వ పది సెకన్ల దాకా లాక్కొస్తుంది. బరువులెత్తేవాళ్లకు, కబడ్డీలో కూతకు వెళ్లి చటుక్కున దూకి వచ్చేవాళ్లకు అది చాలు. ఇంకా పరుగెత్తాలంటే గ్లైకోజెన్ విరగాలి. అరగంట నడవాలంటే ఆక్సిజన్ రావలసిందే.

పోగుల్లోనూ తేడాలున్నాయి. మెల్లగా ముడుచుకునేవి ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉంటాయి, గంటల కొద్దీ అలసిపోవు. వేగంగా ముడుచుకునేవి పాలిపోయి ఉంటాయి, త్వరగా అలసిపోతాయి. కోడికూర వండే ప్రతి ఇంట్లోనూ ఈ తేడా కనపడుతుంది. రోజంతా నడిచే కాళ్ల మాంసం ముదురు రంగు, ఎప్పుడో ఒకసారి రెక్కలల్లార్చే రొమ్ము మాంసం తెలుపు.

పాపం, లాక్టిక్ ఆమ్లం మీద ఇంకో నింద కూడా ఉంది. కొత్తగా వ్యాయామం చేసిన మర్నాడు వచ్చే నొప్పులకు అదే కారణమని ఇప్పటికీ చెబుతుంటారు. అది గంటా రెండు గంటల్లోనే రక్తంలో కలిసి ఖర్చయిపోతుంది. మర్నాటి నొప్పికి మూలం పోగుల్లో కలిగిన సూక్ష్మమైన గాయాలు. అవి కండ సాగుతూ బరువు మోసినప్పుడే ఎక్కువ. అందువల్లే కొండ మెట్లు ఎక్కినప్పటికన్నా దిగినప్పుడే తొడలు ఎక్కువ నొప్పి పెడతాయి. గాయపడ్డ పోగు అంచున నిద్రాణంగా ఉన్న ఉపకణాలు మేలుకుని దాన్ని బాగుచేస్తాయి.

గుండెకు ఆ వరం లేదనే చెప్పాలి. అక్కడి కణాలు పోతే తిరిగి పుట్టడం చాలా అరుదు. గుండెపోటు వచ్చిన చోట మిగిలేది మచ్చే. గుండె కండరానికీ చారలున్నాయి, కానీ కణాలు కొమ్మలు చాచి ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. ఒకచోట పుట్టిన స్పందన క్షణంలో అన్నిటికీ పాకుతుంది. నరం చెప్పకపోయినా తనంతట తాను కొట్టుకుంటుంది, రోజుకు దాదాపు లక్షసార్లు. ఒక స్పందన ముగిసేదాకా రెండో ఆజ్ఞను అందుకోదు. కాబట్టే పిక్క పట్టేసినట్టు గుండె బిగుసుకుపోదు. పేగుల్లో, రక్తనాళాల్లో, గర్భాశయంలో ఉండే మూడో రకం కండరానికి చారలే లేవు. అది నిదానస్తురాలు, కొద్దిపాటి శక్తితో గంటల తరబడి బిగువు నిలుపుకోగలదు.

చలికి వణకడం కూడా కండరాల పనే, ఒంటికి వేడి పుట్టించడం కోసం. మధుమేహం ఇంటింటి మాటైపోయిన ఈ రోజుల్లో ఇంకో పని మరీ ముఖ్యం. భోజనం తర్వాత ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా తీసుకునేవి ఈ కండరాలే. కదులుతున్న కండైతే ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లోపలికి లాక్కోగలదు. తిన్నాక పది నిమిషాలు నడవమని వైద్యులు చెప్పేది ఉత్తమాట కాదు.

ముప్పై ఏళ్లు దాటాక పనిపెట్టని కండ మెల్లగా కరుగుతుంది, అరవై దాటాక ఇంకా త్వరగా. వయసు మీదపడితే ఇంతేలే అని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. అమెరికాలో మరియా ఫియాటరోన్ బృందం 1990లో ప్రచురించిన పరిశోధన ఆ మాటను నిలదీసింది. వృద్ధాశ్రమంలో ఉంటున్న తొంభై ఏళ్ల వయసువాళ్లు పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. తొమ్మిదిమంది చివరిదాకా చేశారు. వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ పరిమాణం 9 శాతం పెరిగింది. అప్పటిదాకా కర్ర పట్టుకుని నడిచిన ఇద్దరు దాన్ని పక్కన పెట్టేశారు.