లైసెన్సు గల చేతి తుపాకి – ఎక్కడి వరకు?

తుపాకి లైసెన్సు అనగానే దానిని ఎవరికి ఇవ్వవచ్చును అన్న ప్రశ్న మనకు మొదట తోస్తుంది. ప్రాధాన్యంలో దీనికి తీసిపోని ప్రశ్న మరొకటి ఉన్నది. లైసెన్సు పొందినవాడు తన రివాల్వరును ఎక్కడెక్కడికి వెంట తీసికొనిపోవచ్చును? దీనిని విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

1878 నాటి ఆయుధ చట్టం ప్రజలను నమ్మని పరాయి ప్రభుత్వం చేసినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులను తీసికొనిపోయిన వృత్తాంతం మనకు తెలిసినదే. స్వతంత్ర భారతం ఆ పాత చట్టాన్ని తొలగించి, 1959లో కొత్త చట్టం చేసికొన్నది. దానికి అనుబంధంగా నేడు 2016 నాటి నియమావళి అమలులో ఉన్నది.

వీటి ప్రకారం రివాల్వరు లైసెన్సును పోలీసు విచారణానంతరం జిల్లా మేజిస్ట్రేటు మంజూరు చేస్తారు. అది ఏ ప్రాంతం వరకు చెల్లునో అందులోనే వ్రాయబడి ఉంటుంది. బహిరంగ స్థలంలో ఆయుధం ఒరలో ఉండి, పూర్తిగా కప్పబడి ఉండాలి, దానిని ఝళిపించరాదు. పెళ్లి ఊరేగింపులలోను, ఉత్సవాలలోను సంబరానికి తుపాకి పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చినవారికి రెండేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించవచ్చునని 2019 సవరణ చెప్పుచున్నది. పోలింగు దినాన పోలింగు కేంద్ర పరిసరాలకు ఆయుధంతో పోవుట ప్రజాప్రాతినిధ్య చట్టం 134-బి సెక్షను క్రింద నేరం. లైసెన్సు ఉన్నదన్న మాట అక్కడ చెల్లదు.

ఆయుధధారణను హక్కుగా భావించే అమెరికాలో సైతం ఈ ఎల్లలు పూర్తిగా చెరిగిపోలేదు. ఆత్మరక్షణకై ఇంటి వెలుపల చేతి తుపాకి ధరించుట పౌరుని హక్కని 2022 జూన్ 23న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను శాసనసభలు, న్యాయస్థానాలు, పోలింగు స్థలాల వంటి చోట్ల నిషేధం ఉండవచ్చునని ఆ తీర్పే అంగీకరించినది. టెక్సాసులో మాత్రం 2016 ఆగస్టు 1 నుండి లైసెన్సుదారులు కొన్ని పరిమితులకు లోబడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోనికి తుపాకిని దాచి తీసికొనిపోవచ్చును. పైచదువులకు అచ్చటికి పోయే మన విద్యార్థులు ఈ సంగతి ఎరిగి ఉండుట మంచిది.

సాధుస్వభావులకు ఈ నిర్బంధమెందుకని కొందరడుగుదురు. 2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో చెలరేగిన అల్లర్లను స్మరింతము. ఆనాడు ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు దగ్ధమైనవి. రాళ్ల దెబ్బలకు పోలీసులు గాయపడ్డారు. 144వ సెక్షను విధింపబడినది. ఆ జనసమ్మర్దంలో నలుగురు లైసెన్సుదారులు ఆయుధాలతో ఉన్నారనుకొందము. వారు ఎంతటి సజ్జనులైనను, ప్రాణభయంతో ఒకరు పేల్చితే, రక్షించుకొనేవాడెవడో హింసించేవాడెవడో ప్రక్కవానికి తెలియునా? జగ్గన్నతోట ప్రభల తీర్థంలో గాని, అంతర్వేది కల్యాణంలో గాని గురి తప్పిన గుండు నేలపై పడదు, ఎవరో ఒకరి ఒంటిపై పడుతుంది. లైసెన్సు మనిషి గుణాన్ని పరీక్షింపగలదు గాని, గుంపు గుణాన్ని పరీక్షింపలేదు.

ఇంకొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. నిషేధాన్ని సజ్జనుడు పాటిస్తాడు, దుర్జనుడు పాటించడు గదా అని. ఇది నిజమే. అందువలననే, ఆయుధాన్ని గుమ్మం వెలుపల విడిచి రమ్మన్నవారు లోపలికి వచ్చినవారి రక్షణభారాన్ని వహింపవలెను. పోలింగు కేంద్రం వద్ద పోలీసులను నిలుపుటలోని న్యాయమిదే. రాత్రివేళ రొక్కంతో రాజోలు నుండి అమలాపురం పోయే వర్తకునికి దారిలో అట్టి కాపలా లేదు. కనుక ప్రాణహాని నిజముగా ఉన్నచో, ఒరలో కప్పబడిన ఆయుధాన్ని అతనికి అనుమతించుటలో తప్పులేదు.

కావున మా అభిప్రాయం ఇది: ఏకాంత మార్గంలో అనుమతి, జనసమూహంలో నిషేధం, నిషేధమున్న ప్రతిచోట కాపలా. ఓటు వేసే చోట, తీర్పు చెప్పే చోట, చదువు చెప్పే చోట వాదమే మనిషికి బలం. ఎదుటివాని నడుమున తుపాకి ఉన్నదన్న అనుమానం కలిగితే, నోటివరకు వచ్చిన ప్రశ్న నోటనే ఆగిపోతుంది. ప్రశ్న ఆగిపోయిన తరగతిలో చదువు సాగదు. కళాశాల ద్వారం వద్ద ఈ నిషేధాన్ని వ్రాయుటతో పాటు, దానికి తగిన కాపలాను ఏర్పరచుట కూడ పాలకవర్గాల ధర్మమని మనవి చేయుచున్నాము.