బరువు తగ్గించే ఆపరేషన్: ముందు, తర్వాత

ఈ ఆపరేషన్ అందం కోసం కాదు. సాధారణంగా బీఎంఐ 35 దాటినవారికి, షుగర్ వంటి జబ్బులుంటే 30 దాటినవారికి వైద్యులు సూచిస్తారు. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 240 కిలోల యువకునికి చేశారు.

ముందు: గుండె, షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేస్తారు. బీడీ, సిగరెట్, గుట్కా మానాలి. కాలేయం కుదించుకునేందుకు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం ఇస్తారు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు తీసేస్తారు. అది మళ్లీ రాదు.

తర్వాత: మొదట ద్రవాలు, ఆపై మెత్తనివి, కొన్ని వారాలకు మామూలు భోజనం, అదీ కొద్దికొద్దిగా. గుడ్డు, పప్పు, చేప ముందు, అన్నం తర్వాత. బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడాలి. స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర గర్భం వాయిదా వేసుకోవాలి. ఇంటికొచ్చాక జ్వరం, గుండెదడ, తీవ్రమైన కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రంజాన్ ఉపవాసం గురించి డాక్టరును అడగండి. రోగులు ఆ రోజులను తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటు ఖురాన్ (2:184) ఇచ్చింది. దావత్‌లో వారిని బిర్యానీ కోసం బలవంతపెట్టకండి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ వెళ్లేవారికి సాయం చేసేటప్పుడు ఆపరేషన్ ఖర్చుతో ఆగకుండా, తర్వాతి మాత్రలకు, పరీక్షలకు, బస్సు చార్జీలకు కూడా కొంత పక్కన పెట్టండి. చికిత్సలో సగం అదే.